తెల్లవాగు గేటు

జులై 27, ఆదివారం

ఇవాళ తిరనాళ్ళ జనం. కార్లు ఘాట్ మలుపు దాటి కిందిదాకా ఆగిపోయాయి. అరిచి అరిచి గొంతు పోయింది. రాళ్ళెక్కకండి, సీసాలు పారేయకండి, మడుగు మధ్యకి వెళ్ళకండి. సెల్ఫీ ఎక్కడ బాగా వస్తుందని అందరూ అడిగారు. ఒక్కరు కూడా ఒక్క చెట్టు పేరు అడగలేదు. ఎమ్మెస్సీ బోటనీ చదివింది ఇందుకేనా అని అమ్మ ఫోన్‌లో దెప్పుతూనే ఉంటుంది.

మారేడుమిల్లి అడవిలో, ఈ తెల్లవాగు జలపాతం దగ్గర నేను గైడ్‌ని. గేటు ఇన్‌ఛార్జిని కూడా. గేటంటే దారికి అడ్డంగా ఒక వెదురు బొంగు. ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో నా ఇష్టమేనని చేరిన రోజు చెప్పారు. ఈ వానాకాలం దాకా దాని గురించి ఆలోచించనే లేదు.

ఆగస్టు 1

బట్టలు ఆరడం లేదు. దుప్పటి చెమ్మ. గోడ చెమ్మ. ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

అమ్మ ఫోన్. పాలకొల్లు సంబంధం వాళ్ళు వచ్చే ఆదివారం టూర్‌కి వస్తున్నట్టు వచ్చి నన్ను చూస్తారట. అబ్బాయి పేరు సాల్మన్, పాలిటెక్నిక్‌లో లెక్చరర్. మన చర్చి వాళ్ళే, పెద్దాళ్ళు మంచివాళ్ళు, నువ్వేం తెలియనట్టు ఉండు, ఆ యూనిఫాం తీసి చీర కట్టుకో అంది. చీర కట్టుకుని జలపాతం దగ్గర జనాన్ని ఎలా అదిలించాలో చెప్పమన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున్నే ఎండ. పైన మాత్రం, వాగు పుట్టే కొండ వైపు, కాటుకలా నలుపు.

మా నరసాపురంలో వాన దూరం నుంచే కనిపిస్తుంది. అరుగు మీద లేసు అల్లుకునే ఆడవాళ్ళు తీరిగ్గా లేచి బట్టలు తీసుకునేంత టైముంటుంది. ఇక్కడ కొండ అడ్డం. వాన ఎక్కడో పైన పడుతుంది. మన నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది. నీళ్ళు మాత్రం ఒక్క ఊపున వచ్చేస్తాయి. ట్రైనింగులో అలాంటి వరద వీడియో చూపించినప్పుడు పక్కనున్నమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. పై ఊరికి ఫోన్ చేసి కనుక్కుందామంటే వానలు మొదలయ్యాక అక్కడ సిగ్నల్ ఉండదు.

బొంగు దించేశాను.

అప్పుడే వాళ్ళ కారొచ్చింది. సాల్మన్, వాళ్ళమ్మ, అక్క, బావ రమేష్ బాబు. నా సాక్సుకి జలగ కరిచిన రక్తం. వాళ్ళమ్మగారు మొదట చూసింది దాన్నే. రమేష్ బాబుగారు నవ్వుతూ వచ్చారు.

"అంత దూరం నుంచి వచ్చామండి. మనవాళ్ళమే కదా, ఓ పది నిమిషాలు వదిలేయండి."

"మనవాళ్ళనైతే అసలు వదలనండి," అన్నాను. తమాషాగానే అన్నాను. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది.

వెళ్ళబోయే ముందు సాల్మన్ వెనక్కి తిరిగి అదేం చెట్టండి అని అడిగాడు. నల్లమద్ది అని చెప్పాను. గేటు పక్కన అప్పాజీ బాబాయ్ కొట్లో బొంగు చికెన్ తిని వెళ్ళిపోయారు.

వాన పడలేదు.

ఆగస్టు 11

పొద్దున్న వెళ్ళి చూశాను. వాగు నిన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

ఆగస్టు 13, బుధవారం

అమ్మ సంగతి చెప్పింది. పిల్లకి పొగరట. మర్యాద తెలియదట. ఇంటి అల్లుడు అడిగినా వదల్లేదట. అమ్మ పేరెత్తి, రూతమ్మగారి పెంపకం ఇంతేనా అని ఎవరో అన్నారట కూడా. అమ్మ ఏడవలేదు. ఏడ్చినా బావుండేది.

సాయంత్రం అప్పాజీ బాబాయ్ వచ్చాడు. ఇక్కడి కొట్లన్నింటికీ కమిటీ పెద్ద ఆయన. టీ తెచ్చి నా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. "మాకు ఆదివారాలే కదమ్మా వారమంతా. మబ్బు పట్టిన ప్రతిసారీ మూసేస్తే ఈ అడవిలో ఇంకెప్పుడు తెరుస్తావు?" అన్నాడు. కోపంగా అనలేదు.

ఆగస్టు 17, ఆదివారం

మళ్ళీ పైన నలుపు. మళ్ళీ దించాను. మళ్ళీ ఏమీ కాలేదు.

నిజం రాసుకోవాలి. సాయంత్రం వాగు రంగు మారుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. మారాలని కోరుకున్నాను. ఖాళీ మడుగులోకి ఒక్కసారి వరదొచ్చి పడితే చాలు, అందరికీ చూపించవచ్చు. రాలేదు. నీళ్ళు తేటగా, అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి.

ఆగస్టు 19, మంగళవారం

నా మీద ఎవరో రీల్ పెట్టారు. 'మబ్బు మేడం' అట. దాని కింద నవ్వులు.

కమిటీ మీటింగు. అందరూ మెల్లగానే మాట్లాడారు. మబ్బుంటే మధ్యాహ్నం దాకా తెరిచి తర్వాత మూసేద్దాం అన్నారు. సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అలిసిపోయాను. నాకు మాత్రం రెండుసార్లు తప్పానన్న సిగ్గు లేదా.

ఆగస్టు 24, ఆదివారం, ఉదయం

పైన నలుపు. ముందు రెండు ఆదివారాల కంటే ఎక్కువో తక్కువో చెప్పలేను. ఇక నా కళ్ళ మీదే నాకు నమ్మకం పోయింది.

బొంగు ఎత్తాను. విజిల్ మెడలో వేసుకున్నాను. తాడు కూడా తీసుకెళ్తున్నాను. నేనూ నీళ్ళలోనే నిలబడతాను.

అదే రోజు, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాల్మన్ ఒక్కడే వచ్చాడు, బస్సులో. ఈసారి మామూలుగా చూసి పోదామని వచ్చానండి అన్నాడు. నాకు మాట్లాడే ఓపిక లేదు. తాడు ఒక కొస చెట్టుకి కట్టి, ముడి దగ్గర నిలబడమన్నాను. ఎందుకని అడగకుండా నిలబడ్డాడు.

నేను మోకాళ్ళ లోతులో నిలబడి, జలపాతం అంచునే చూస్తున్నాను. ఇంకా మధ్యాహ్నం కాలేదు, మడుగు నిండా జనం. ఎండ పేలిపోతోంది. మొదట వాసన వచ్చింది. తడిమట్టి వాసన. తర్వాత ఎండుటాకులు, ఒక్కసారిగా గుప్పెళ్ళకొద్దీ. తెల్లటి నీళ్ళలో ఒక పక్కన టీ రంగు చార.

విజిల్ ఊదాను. ఆపకుండా ఊదాను.

సగం మంది ఆట అనుకున్నారు. అప్పాజీ బాబాయ్ కొట్లోంచి పరుగెత్తుకొచ్చి బూతులు తిడితే అప్పుడు కదిలారు. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక మామ్మగారు చీరతోనే రాయి మీద కూర్చుని ఉంది. ఆవిడకి చెవులు వినిపించవు. వెళ్ళి నడుం పట్టుకుని లాగాను. నడుముల దాకా నీళ్ళు. ఒడ్డు నుంచి సాల్మన్ తాడు విసిరాడు, పట్టుకున్నాను, లాగాడు. మేం గట్టెక్కాక మామ్మగారు కూర్చున్న రాయి కనిపించలేదు.

అందరూ బయటికొచ్చారు అనుకున్నాను. ఒక కాలేజీ కుర్రాడు ఫోన్ కోసం వెనక్కి వెళ్ళాడు. నా కళ్ళ ముందే వెళ్ళాడు. నల్లటి తల ఒకసారి కనిపించింది, అంతే.

అప్పాజీ బాబాయ్ ఒడ్డు వెంట కిందికి పరుగెత్తాడు. మలుపు దగ్గర పడిపోయిన చెట్టుకి ఆ అబ్బాయి చిక్కుకుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. భుజం ఎముక విరిగింది. స్నేహితులు కార్లో రంపచోడవరం ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

తర్వాత అందరూ నా చేతులు పట్టుకున్నారు. దేవతవమ్మా అంది మామ్మగారు.

బొంగు ఎత్తింది నేను.

ఆగస్టు 25

మళ్ళీ రీల్. ఈసారి 'ప్రాణాలు కాపాడిన మేడం'. చూడలేదు. అప్పాజీ బాబాయ్ చెప్పాడు, నా మొహం చూడకుండా.

ఆగస్టు 27, బుధవారం

అమ్మ ఫోన్. గొంతులో ఎంత సంతోషమో. పాలకొల్లు వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారట. ఎంత ధైర్యమైన పిల్ల అని వాళ్ళమ్మగారే అన్నారట. అప్పుడు మూసినందుకు పొగరు, ఇప్పుడు తెరిచినందుకు ధైర్యమా అని అడిగాను. అమ్మకి అర్థం కాలేదు. అమ్మ తప్పు కాదు.

కాసేపటికి సాల్మన్ చేశాడు. జవాబు అడగడానికేమో అనుకుని బిగుసుకున్నాను.

"నిద్రపడుతోందా అండి?"

లేదన్నాను. తనకీ పట్టడం లేదన్నాడు. మొదటిసారి మీరు గేటు మూసేసినప్పుడు నాకు హాయిగా అనిపించిందండి, నాకు ఈత రాదు, మా బావ ముందు ఆ మాట చెప్పలేక నానా అవస్థ పడ్డాను అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. అతను ఫోన్ పెట్టేయలేదు, ఊరుకోమనీ అనలేదు.

అతనికి చెప్పాను. మూయాలని తెలిసే తెరిచానని. ఇంకెవరికీ చెప్పలేదు.

తెలుసండి అన్నాడు. ఆ రోజు మీ మొహం చూస్తే తెలిసిందన్నాడు.

ఆగస్టు 29

ఆసుపత్రికి వెళ్ళొచ్చాను. ఆ అబ్బాయి పేరు ఉదయ్‌భాస్కర్. కట్టు కట్టిన చేత్తోనే లేవబోయి థాంక్స్ మేడం అన్నాడు. పళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆగస్టు 31, ఆదివారం

ఎండ. కొండ మీద ఒక్క మబ్బు లేదు.

బొంగు ఎత్తలేకపోయాను. చెయ్యి దాని మీదే ఉంది, లేవలేదు. కార్లలోంచి దిగినవాళ్ళు ఎందుకు మూశారని అడిగారు. తెలియదన్నాను.

అప్పాజీ బాబాయ్ కొట్టు లోంచి కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకున్నాడు. బొంగు ఎత్తమంటాడనుకున్నాను. వచ్చిన ప్రతి కారుకీ ఆయనే లేచి చెప్పాడు.

"ఇవాళ లేదండి."