నేను ఎక్కిన లిఫ్టు పైకి పోలేదు

శాసనసభ కార్యదర్శిగారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా అబ్బాయి అడగవలసి ఉండి అడగకుండానే పోయిన ప్రశ్నను తిరిగి సభలో పెట్టించుట గురించి, మరియు నేను లిఫ్టులో ప్రయాణించితినని తమ కాగితంలో ఉన్న అబద్ధమును కొట్టివేయుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, తమ సభలో సభ్యుడిగా ఉంటూ పోయిన వర్షాకాలంలో జ్వరంతో చనిపోయిన అబ్బాయికి నేను తల్లిని. పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా చేసి రిటైరయ్యాను. ఐదో తరగతి వరకే చదివాను. ఆఫీసు బయట అర్జీలు రాసే ఆయన దగ్గరికి వెళితే పై ముక్కలు చక్కగానే రాశాడు. ఆ తర్వాత నేను "లిఫ్టు కదలలేదు" అని చెబితే "లిఫ్టు పనితీరు ఆశించిన స్థాయిలో లేదు" అని రాశాడు. నేను చెప్పింది అది కాదు కదా అన్నాను. "అర్జీల్లో అలాగే రాయాలమ్మా" అన్నాడు. అంతలో ఆయన ఫోను మోగింది. పక్కకి వెళ్ళి, నా వైపు చూస్తూ మాట్లాడి వచ్చాడు. ఎవరితో మాట్లాడాడో నాకు తెలియదు. కాగితం లాక్కుని వచ్చేశాను. మిగతాది నేనే రాస్తున్నాను. దస్తూరి వంకరగా ఉంది. దానికి కారణం చివర రాస్తాను.

1. మా వాడు పోయాక తమ సభలో సంతాప తీర్మానం చదివారు. "నిరుపేద కుటుంబంలో జన్మించి, ప్రజాసేవయే పరమావధిగా" అని ఉంది అందులో. ఆ సేవ ఏమిటో మాత్రం లేదు. అది రాస్తే లిఫ్టు మాట వస్తుందని కావాలనే వదిలేశారని నా అనుమానం. కాబట్టి నేను రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూడో అంతస్తులో ఉంది. కింద ఆఫీసు గదులు ఉన్నాయి. ఆఫీసువాళ్ళు మెట్లు ఎక్కలేరు కదా. లిఫ్టు ఆగిపోయిన నాటికి మా వాడు ఎదురుగా మందుల షాపులో పనిచేస్తున్నాడు. నొప్పులు పడుతున్న ఆడపిల్లలు మెట్ల మలుపు దగ్గర కూలబడిపోవడం చూసి, షాపులో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దానిలో కూర్చోబెట్టి, ఒకవైపు తను, ఇంకోవైపు తోటి పనివాడు పట్టుకుని పైకి మోశారు. ఒక రోజని మొదలుపెట్టింది ఏళ్ళు సాగింది. ఊళ్ళో మా వాడికి లిఫ్టు అనే పేరు పడింది. చిన్నపిల్లలు లిఫ్టన్నా అని పిలిచేవారు. నేను పెట్టిన పేరు నేనే మర్చిపోయాను.

ఎన్నికలు వచ్చినప్పుడు పార్టీ పెద్దాయన మా ఇంటికి వచ్చి, మా మంచం మీదే కూర్చుని, "కుర్చీ మోసినవాడికి కుర్చీ ఇద్దామమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. అలాంటివాడు మన గుమ్మంలోకి గొడుగు తెచ్చాడంటే వాన ఎక్కడో పడుతోందనే అర్థం.

2. మా వాడు గెలిచాడు. వాడికి సభలో వెనక వరుసలో సీటు ఇచ్చారు. ఇంటికి వచ్చినప్పుడు అడిగితే, "అక్కడ గొంతు ఉంటే చాలదే అమ్మా. మన మైకుకి లైటు వెలగాలి. ఆ మీట మన దగ్గర ఉండదు" అన్నాడు. తర్వాత తెల్ల చొక్కాలు వచ్చాయి. కారు వచ్చింది. ఒక పి.ఏ. వచ్చాడు. లిఫ్టు మాత్రం రాలేదు. "లిఫ్టు తెస్తానని పోయి కారు తెచ్చుకున్నావేరా" అన్నాను. తల్లిని, నేను అనకపోతే ఎవరంటారు? "ప్రశ్న వేశానే. రెండుసార్లు తిప్పి పంపారు. ఈసారి తీసుకున్నారు, తేదీ కూడా ఇచ్చారు. టీవీలో చూద్దువుగాని" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు నోటికి వచ్చు. ఎలా వచ్చునంటే, నేను గిన్నెలు తోముతుంటే ఎదురుగా నిలబడి, "నువ్వు మంత్రివే. నేను అడుగుతాను, నువ్వు జవాబు చెప్పు" అన్నాడు.

"మంత్రుల మాటలు నాకేం తెలుసురా?"

"ఏం లేదు. పరిశీలిస్తున్నాం అను, చాలు."

నేను సబ్బు చేత్తో గిన్నె పట్టుకునే "పరిశీలిస్తున్నాం" అన్నాను. వాడు గోడకి జారగిలబడి నవ్వాడు. "అచ్చం మంత్రివేనే" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "దీని వెనకాల ఇంకో ప్రశ్న అడగనిస్తారు. అది ముందుగా రాసివ్వక్కర్లేదు. 'అధ్యక్షా, లిఫ్టు బాగానే ఉందంటున్నారు, మరి మంత్రిగారు వాళ్ళమ్మగారిని అందులో ఎక్కిస్తారా?' అంటాను."

"అలా అడగొచ్చా?"

"అడిగాక తెలుస్తుంది."

అప్పుడు ముందు గదిలో పి.ఏ. టీ తాగుతున్నాడు. ఈ సంగతి తమరు గుర్తుంచుకోవలెను.

3. ఆ తేదీ రాకముందే జ్వరం వచ్చింది. డాక్టర్లు జ్వరమే అన్నారు. నేను నమ్మక, మా వార్డులో చేసిన డాక్టరమ్మ చేత కాగితాలన్నీ చదివించాను. ఆవిడా జ్వరమే అంది. కాబట్టి చావు మీద నాకు అనుమానం లేదు. చావు తర్వాత జరిగిన మర్యాదల మీదే నా అనుమానం.

వాడు ప్రశ్న అడగవలసిన పొద్దున్నే తమ సభలో సంతాపం పెట్టారు. ఒక్కొక్కరే లేచి వాడిని పొగిడారు. వాడి మైకుకి లైటు వెలగనివ్వని వాళ్ళు కూడా పొగిడారు. లేచి మౌనంగా నిలబడ్డారు. తర్వాత వాడి గౌరవార్థం సభ వాయిదా అన్నారు. నేను మందుల షాపు టీవీ ముందు నిలబడి ఉన్నాను.

"మరి ప్రశ్న?" అన్నాను.

కుర్చీకి రెండో వైపు పట్టినవాడు ఇప్పటికీ ఆ షాపులోనే ఉన్నాడు. వాడు ఎవరికో ఫోను చేసి కనుక్కుని, "సభ్యుడు చనిపోతే ఆయన పేరున ఉన్న ప్రశ్న మురిగిపోతుందట పిన్నీ. రూలట" అన్నాడు.

మురిగిపోవడానికి అదేమన్నా నిన్నటి కూరా? లిఫ్టు చచ్చి ఏళ్ళయినా తమ కాగితాల మీద బతికే ఉంది. మా వాడు పోతే వాడి ప్రశ్న ఒక్క పూట కూడా బతకకూడదా? సభ ఉన్నప్పుడు వాడికి ఇచ్చిన గదిలోంచి పెట్టె, చెప్పులు, కళ్ళజోడు, సగం అరిగిన సబ్బుతో సహా నాకు అప్పగించి, వారసురాలినని సంతకం పెట్టించుకున్నారు. సబ్బుకి వారసురాలిని అయినప్పుడు ప్రశ్నకి ఎందుకు కాను?

4. కొన్నాళ్ళకి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. "లిఫ్టు బాగుచేయించామమ్మా. దానికి మీ అబ్బాయి పేరే పెడుతున్నాం. నీ చేత్తోనే ప్రారంభం" అన్నాడు. మా ఇల్లు ఆసుపత్రి వెనక సందులోనే. బాగుచేస్తే సుత్తి చప్పుడన్నా వినబడాలి. వినబడలేదు. అయినా వాడి పేరు అన్నారని వెళ్ళాను.

తలుపుకి వెండి రంగు వేశారు. పక్కన గోడకి వాడి ఫొటో తగిలించారు. నేను రిబ్బను కత్తిరించాను. మా వాడి పి.ఏ.నే, "ఎక్కండమ్మా, మొదట మీరే ఎక్కాలి" అంటూ వీపు మీద చెయ్యి వేశాడు. మీరూ రండి అని పెద్దాయనను పిలిచాను. "నాకు లిఫ్టు పడదమ్మా, కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. సూపరింటెండెంటుగారిని పిలిచాను. "నేను మెట్లే ఎక్కుతానమ్మా, ఒంటికి మంచిది" అన్నారు. ఆయన గది కిందే ఉంది.

లోపలికి నేనూ, లిఫ్టు ఆపరేటరూ వెళ్ళాం. ఆయన ఇన్నేళ్ళుగా మూసిన తలుపు ముందు స్టూలు వేసుకుని జీతానికి కూర్చున్న మనిషి. తలుపు మూసుకుంది.

"మీట నొక్కవయ్యా."

"నొక్కానక్కా."

"కదల్లేదు."

"కదలదు. పైన మోటారే లేదు. రిపేరుకని పట్టుకెళ్ళినవాళ్ళు తిరిగి తేలేదు."

"మరి ఈ లైటు, ఫ్యాను?"

"ఎక్స్‌రే గదిలోంచి వైరు లాగారు. మెల్లగా మాట్లాడక్కా, బయటికి వినబడుద్ది."

"ఇప్పుడేం చేద్దాం?"

"నిలబడదాం. పైకెళ్ళి దిగినంతసేపు నిలబడమన్నారు."

బయట పి.ఏ. గొంతు వినబడింది, "అమ్మగారు మూడో అంతస్తుకి చేరుకున్నారు!" అని. చప్పట్లు కొట్టారు. నేను నేల మీదే ఉన్నాను. వాడు పోయాక నన్ను ఎవరూ చూడని చోటు దొరకడం అదే మొదలు. ఆ ఇనుప పెట్టెలో గోడకి తల ఆనించి ఏడ్చాను. లిఫ్టు ఆపరేటరు భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

తలుపు తెరిచారు. "ఎలా ఉందమ్మా ప్రయాణం?" అని మైకు పెట్టారు. "కదల్లే" అన్నానో లేదో మైకు ఆగిపోయింది. "ఆనందంతో మాట రావడం లేదు పాపం" అన్నాడు పెద్దాయన. మర్నాడు పేపర్లో నా ఏడుపు మొహం వేసి, కొడుకు కల తల్లి కళ్ళలో అని రాశారు.

5. కుర్చీ పట్టిన ఆ మందుల షాపువాడే నా తరఫున తమ ఆఫీసుకి ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. ప్రశ్న మురిగిపోయిన మాట నిజమేనట. "అయినను తమ సమాచారార్థం, సదరు లిఫ్టు సక్రమముగా పనిచేయుచున్నది. దివంగత సభ్యుని మాతృమూర్తి స్వయముగా ప్రయాణించి హర్షము వ్యక్తము చేసియున్నారు" అని ఉంది.

అయ్యా, మంత్రిగారి తల్లిని ఎక్కిస్తారా అని మా వాడు అడగబోయాడు. వాళ్ళు ముందే మా వాడి తల్లిని ఎక్కించి జవాబు సిద్ధం చేసుకున్నారు. ఆ మాట మా వంటింట్లో పుట్టింది. అన్నవాడు పోయాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ముందు గదిలో టీ తాగినతను ఇప్పుడు పెద్దాయన దగ్గర పనిచేస్తున్నాడు. నేను ఎవరి మీదా నింద వేయడం లేదు. ఉన్నది రాశాను. నా కొడుకు ప్రశ్నకి నన్నే ఎదురుసాక్షిని చేశారు. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

6. మందుల షాపువాడు ఇది రాయవద్దన్నాడు. తమరి మీద కూడా నాకు అనుమానమే. తప్పుగా అనుకోవద్దు. ఈమధ్య పాలు పోసేవాడు ఎలా ఉన్నావమ్మా అని అడిగినా, ఎందుకు అడిగాడా అని ఆలోచిస్తున్నాను. ఖాళీ అయిన సీటుకి నన్నే నిలబడమని పెద్దాయన కబురు చేశాడు. అది నిలబడమనడం కాదు, నోరు మూసుకుని కూర్చోమనడం.

కావున తమరు దయతో, నేను లిఫ్టులో ప్రయాణించి హర్షించితినన్న మాట కొట్టివేయవలెను. నేను ప్రయాణించలేదు, హర్షించలేదు. ఇంకా, మా వాడి ప్రశ్నను ఏ పార్టీ సభ్యుడి చేతనైనా సరే అడిగించవలెను. ప్రశ్న ఇది: "పెద్దాసుపత్రి లిఫ్టు పనిచేయుచున్నదా? లేనిచో ఎందువలన? ఎప్పటికి బాగగును?" రెండో ప్రశ్న తమకు పైన రాసే ఉన్నాను. జవాబు పరిశీలిస్తున్నాం అయితే మాత్రం అక్కర్లేదు. ఆ జవాబు నేను ఇదివరకే చెప్పేశాను.

ఇందులోని ప్రతి మాటా నిజమని తమరు చిత్తగించవలెను. నమ్మకం కుదరకపోతే ఒకసారి వచ్చి ఎక్కవలెను.

జవాబు వచ్చేదాకా తమ విధేయురాలు,
కాన్పుల వార్డు పాత ఆయా,
లిఫ్టు తల్లి

తా.క.: దస్తూరి సంగతి. ఇవాళ పొద్దున మందుల షాపువాడు పరుగెత్తుకొచ్చి, "పిన్నీ, మెట్ల దగ్గర ఒకమ్మాయి కూలబడిపోయింది, రెండో వైపు పట్టేవాళ్ళు లేరు" అన్నాడు. వెళ్ళి నేనే పట్టాను. మలుపు దగ్గర ఆ పిల్ల నా మెడ చుట్టూ చెయ్యి వేసి, "బరువున్నానా అమ్మా?" అంది. "లేదు తల్లీ, లిఫ్టు మీదున్నావనుకో" అన్నాను. పైకి చేర్చాం. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. కిందికి దిగి ఇది రాయడానికి కూర్చుంటే చేతుల వణుకు ఆగలేదు బాబూ. లిఫ్టు పనిచేస్తూ ఉంటే నా దస్తూరి బాగుండేది.