సూదులన్నిటికీ దారం ఎక్కించాను

అమ్మా,

నువ్వు లేచేసరికి ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. నాన్న డ్యూటీకి వెళ్ళాడు, నేను బడికి వెళ్తున్నాను. పాలు కాచి మూత పెట్టాను. నీళ్ళ బకెట్టు నువ్వు ఎత్తకు, పెద్దమ్మకు చెప్పు. నిన్న కుట్టమని ఇచ్చిన గౌనుకు తొందరేమీ లేదని మా టీచరుగారు అన్నారు కదా, మెల్లగా కుట్టు.

మిషను సూదికి నీలం దారం ఎక్కించాను. సూదుల దిండుకు గుచ్చిన పది చేతిసూదులకూ ఎక్కించాను.

నిన్న టీచరుగారి ముందు, దారం ఎక్కక తడుముకుంటున్న నీ చేతిలోంచి సూది లాక్కోవడం నా తప్పే. క్యాన్సర్ మందులకు నీ వేళ్ళు మొద్దుబారాయని ఆవిడకు తెలిసిపోతుందేమోనని గాభరాపడ్డాను. ఆవిడ గడప దాటగానే, "నాకు చేతకాదని అందరికీ చాటుతావా? పోవే అవతలికి" అని నా మొహం మీదే తలుపు వేశావు. నాకు ఏడుపొచ్చింది. ఆర్నెల్లుగా ఇంటిపనంతా చేసి నేనూ అలిసిపోయానమ్మా.

అయినా తలుపు బయటే కూర్చున్నాను. చాలాసేపు చప్పుడు లేదు. ఇక దారం ఎక్కదేమో అనుకున్నాను. అంతలో మిషను తిరిగింది. ఒక్క వరుసే కుట్టావు. నీ వైద్యం మొదలయ్యాక ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. అది విన్నాకే లేచి వెళ్ళి తిన్నాను.

ఇంకొక్క మాట. సూదుల్లో దారాలన్నీ అయిపోతే సాయంత్రం నన్ను పిలువు. ఏమీ మాట్లాడకుండా ఎక్కించి వచ్చేస్తాను. తలుపు కూడా నేనే వేస్తాను.