పొద్దుటి పదకొండు నిమిషాలు

బావమరిదికి,

మీ అక్కా నేనూ క్షేమం. కారు క్షేమం కాదు. తొమ్మిది రోజులు నీ షెడ్డులో ఉంచుకుని, కార్బురేటర్ విప్పి కడిగి, "తాళం తిప్పితే పలుకుతుంది బావా" అన్నావు. నిన్న పలికింది. ఎక్కిన నిమిషంలో వీధి మలుపు దాటి, మీ అక్కను కుట్టు కొట్టు దగ్గర దింపి, నేను గడియారాల కొట్టు తెరిచాను. ఈరోజు మళ్ళీ పాత పాటే. చోక్ లాగి, ఇంజన్ వేడెక్కి నిలదొక్కుకునేదాకా పదకొండు నిమిషాలు. ఇరవై రెండేళ్లుగా నా దినచర్య పుస్తకంలో ఉన్నది ఇదే అంకె. నిర్ఘాంతపోయాను. నువ్వు బాగుచేసిందేమిటి?

ఇట్లు,
గడియారాల బావ

తా.క.: నిన్న మీ అక్క దారంతా ముభావంగా ఉంది. ఒంట్లో నలతేమో కనుక్కో. నాకు అడగడం చాతకాదు.

* * *

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదువుతూ చేతిలో స్పానర్ కాలి మీద పడేసుకున్నాను. నా దగ్గర తొమ్మిది పొద్దులూ ఒక్క తిప్పుకే లేచిన ఇంజన్ అది. మీ ఇంటికి రాగానే మొరాయించిందంటే, చోక్ మీద మీ చెయ్యి మరీ బరువన్నమాట. కార్బురేటర్ పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టేద్దాం. ఎంత పెట్రోలు పోయాలో అదే చూసుకుంటుంది. మీరు ఎక్కడమే ఆలస్యం.

మీ షెడ్డు బావమరిది

తా.క.: అక్కకు విడిగా రాశాను. "గుండ్రాయిలా ఉన్నాను. ఇంజెక్షన్ మాటెత్తావో, నీ గడప తొక్కను" అని జవాబిచ్చింది. అక్కకు ఇంజన్ల గొడవ ఎప్పటినుంచి?

* * *

బావమరిదికి,

నా చెయ్యి బరువా? వెంట్రుకంత స్ప్రింగులు బిగించే చెయ్యి ఇది. రుజువు చూడు. కార్బురేటర్‌కి గాలీ పెట్రోలూ పాళ్ళు కుదిర్చే స్క్రూ ఉంది కదా. దాని గాడి గడియారం ముల్లులా పన్నెండు చూపేలా నువ్వే బిగించావు. గురువారం బానెట్ ఎత్తితే మూడు చూపిస్తోంది. పన్నెండుకి తిప్పాను. శుక్రవారం మళ్ళీ మూడు. మళ్ళీ పన్నెండుకి తిప్పాను. మన వాకిట్లోకి ఎవరో దొంగచాటుగా వస్తున్నారు. ఎదురింటి ఇస్త్రీ అతని మీద నా అనుమానం. పోయిన నెల అతని గడియారం ఆలస్యంగా ఇచ్చాను.

స్క్రూ లేకపోతే తిప్పేదేముంది? ఇంజెక్షనే పెట్టు. నెలాఖరుకి కారు తెస్తాను.

ఇట్లు,
బావ

తా.క.: సంగతి మీ అక్కకొక్కదానికే చెప్పాను. నాకంటే ఎక్కువ అదిరిపడింది. బానెట్‌కి తాళం వేయించి, తాళంచెవి తన దగ్గరే భద్రంగా పెట్టుకుంది. అయినా శనివారం కూడా మూడే.

* * *

బావగారికి,

కూర్చుని చదవండి. మీకు దారాలు కొనుక్కొస్తానని చెప్పి అక్క నేరుగా నా షెడ్డుకొచ్చింది. సంచిలోంచి కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టింది.

"తిప్పేది నేనేరా. ఇరవై రెండేళ్లుగా. ఎవరు సరిచేసినా, సాయంత్రం ఆయన స్నానానికి వెళ్లగానే పావు తిప్పు."

నేను గ్రీజు డబ్బా లాక్కుని కూర్చున్నాను. "ఎందుకే?" అన్నాను.

"కొట్లో మీ బావ కంటికి భూతద్దం పెట్టుకుంటే నోటికీ పెట్టుకున్నట్టే. ఇంటికొస్తే పుస్తకం. బండి నడిపేటప్పుడు మాట్లాడితే దృష్టి చెదురుతుందంటారు. అది వేడెక్కేదాకా ఎటూ కదల్లేరు గనక నాతో మాట్లాడతారు. ఆ పదకొండు నిమిషాలేరా నా కాపురం. నీ ఇంజెక్షన్ వస్తే అదీ పాయె."

మీకు చెప్పనని ఒట్టేశాను. రాయనని వెయ్యలేదు. ఇప్పుడేం చెయ్యమంటారు?

మీ బావమరిది

తా.క.: ఇస్త్రీ అతన్ని ఏమీ అనలేదు కదా?

* * *

బావమరిదికి,

నీ ఉత్తరం చదివాక చాలాసేపు ఏ గడియారమూ విప్పలేకపోయాను. దినచర్య పుస్తకం తీశాను. అందులో "తను చెప్పినవి" అని ఒక గడి ఉంది. కారు నీ దగ్గరున్నప్పుడు బస్సులో వెళ్లాం. ఆ తొమ్మిది రోజులూ, కారు ఒక్క తిప్పుకే లేచిన ఆ పొద్దూ, గడి ఖాళీ. మిగతా ఏ రోజూ ఖాళీ లేదు. రాసింది నేనే. చూడలేదు.

కార్బురేటర్ ఉండనీ. నాకు తెలిసిందని మీ అక్కకు తెలియనివ్వకు. కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్‌తో గాడి అరిగిపోతోంది. సరైనదొకటి, నీకై నువ్వే ఇచ్చినట్టు ఆమెకు పంపు.

ఇట్లు,
బావ

తా.క.: నిన్న అలవాటు కొద్దీ మీ అక్కనడిగి బానెట్ తీయించి స్క్రూ పన్నెండుకి తిప్పేశాను. సాయంత్రం కుట్టు కొట్లో పని ఎక్కువై ఆమెకు తీరిక దొరకలేదు. తాళంచెవి ఆమె దారాల డబ్బాలోంచి దొంగిలించి నేనే తిప్పాను. నువ్వన్నట్టు నా చెయ్యి బరువే. ఈ పొద్దున్న పంతొమ్మిది నిమిషాలు.