ఐదేళ్లు దొరకని జమ్మి

అల్ సువైక్, ఒమన్, బుధవారం

ఇక్కడి ఆస్పత్రిలో తమ్ముడికి ఇవాళ కూడా స్పృహ రాలేదు.

సైట్‌లో ఉన్న ఒంటరి చెట్టును కొట్టొద్దని ఐర్లాండ్ ఇంజినీర్ బతిమాలాడు. వాళ్ల దేశంలో అలాంటి ముళ్లచెట్టు కోసం రోడ్డునే పక్కకు తిప్పుతారట. జబ్బుపడ్డవాళ్ల బట్ట పీలిక దాని కొమ్మకు కట్టి మొక్కుతారట. ఫోర్‌మన్ "యల్లా, కానియ్" అనగానే నేను జేసీబీతో కూల్చేశాను.

కొమ్మలు ఎత్తుతూ మా ఊరి రాజన్న ఆగిపోయాడు. "అన్నా, గిది మన జమ్మి గదనే!"

ఈ దేశంలో జమ్మి లేదని ఐదేళ్లుగా దసరాకు రూమ్‌లో వేపాకులే పంచుకున్నాం. ఊళ్లో చేతికొచ్చిన ఆకును కళ్లకద్దుకున్నానే గానీ, చెట్టునెప్పుడూ సరిగా చూడలేదు.

ఇప్పుడు తమ్ముడి తువ్వాలు చింపి పీలిక తీశాను. ఎక్కడ కట్టను?