ఓబులేసు కొట్టంలో మగ్గం గుంత

తమ్ముడూ నాగన్నా, నాకు మగ్గం గుంత దొరికిందిరా! అదీ ఒంటిమిట్ట దగ్గర, మేమున్న ఈ ఇటుకల ఇంట్లోనే! ఆనందంలో మీ క్షేమం అడగడం మరిచాను. నీవు, మరదలు, పిల్లలు బాగున్నారా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో నీకు సరిగా వినబడదని రాస్తున్నాను.

నేను బాగున్నాను, దిగులు పడొద్దు. అబ్బాయి తెల్లవారగానే నిమ్మతోట పనికి పోతాడు. ఎండ మన ఎమ్మిగనూరులో లాగే. ఇక్కడ అందరూ సంగటి తింటారు. కోడలు నాకోసం జొన్నరొట్టె తడుతుంది. నిజంగా బాగున్నాను. పని లేక చేతులకే తోచదు.

ఇంటి యజమాని ఓబులేసు రోజూ సాయంత్రం నన్ను గోడల చుట్టూ తిప్పుతాడు. "చూడప్పా, ఈ ఇటుకంతా మా తాత మా చేన్లోనే కాల్పిచ్చినాడు. సున్నం గానుగలో ఎద్దుల్తో రుబ్బిచ్చినాడు. మీ ఇల్లు ఎవురు కట్టిచ్చినారు?" అంటాడు. మనం పుట్టిందీ పెరిగిందీ బాడుగ ఇళ్లల్లోనే కదా. కడుపు మండిపోయేది. దాచడమెందుకు, ఆ గోడల మీద కుళ్ళుతో అన్నం కూడా సరిగా తినలేదు.

మొన్న ఇంటిని ఆనుకున్న కొట్టంలో ట్రాక్టరు పెట్టుకోవాలని, మూలనున్న గుంత పూడ్చడానికి మట్టి తెప్పించాడు. "మా తాత తవ్విచ్చిన జొన్నల పాతర," అన్నాడు. తొంగి చూశాను. తొడల లోతే ఉంది. పక్కనే నేలకు జానెడెత్తున కిటికీ. దిగి అంచు మీద కూర్చున్నాను. కాళ్లు వాటంతట అవే తొక్కుడు చెక్కల కోసం వెతికాయిరా!

"పాతరకు కిటికీ ఎందుకప్పా? ఇది కిటికీ వెలుగులో కాళ్లు దింపి నేసే మగ్గం గుంత," అన్నాను.

"నీకు కల్లో గూడా మగ్గమే కనపడ్తాది," అని నవ్వాడు.

గోడలు చూపించాను. ఇంటి ఇటుక లావు, సున్నంతో కట్టింది. కొట్టం ఇటుక సన్నం, బంకమట్టితో కట్టింది. అప్పుడు వాళ్లమ్మ గడపలోంచి అంది: "ఆయప్ప చెప్పేది నిజమేరా. మా మామ చేను కొన్నప్పుడే కొట్టం ఉండెనంట. నేసేటోళ్ల ఇల్లని చెప్తాండె. నువ్వే అంతా మీ తాతకు అంటగట్టినావు!"

ఓబులేసు ముఖం చూడాల్సింది! మట్టిని అట్లాగే వెనక్కి పంపాడు. "సరేలేప్పా, నేసుకో. మొదటి పంచె నాకియ్యాల," అన్నాడు. అయినా నా కుళ్ళు పూర్తిగా పోలేదురా. ఆ గుంత కూడా ఆయనదే కదా!

అటక మీది నా మగ్గం సామాను, పన్నె, నాడెలు గోనెలో కట్టి లారీలో వెంటనే పంపు. ఆయన మనసు మారకముందే బిగించాలి.

చిన్నమ్మ పాదాలకు మొక్కానని చెప్పి, నాకొక దీవెన అడుగు. పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ అన్న రంగప్ప

ఈ సంగతి చిన్నమ్మకు చెప్పు. ఆదోని అక్కకు, నందికొట్కూరు మేనమామకు చెప్పు. తాను పవర్‌లూమ్‌లు పెట్టినప్పటినుంచి మనల్ని పలకరించని గోవిందు బావకు మాత్రం, అందరికంటే ముందు, ఇంటికి పోయి చెప్పు.