నీసు మానుకుంటూ

జులై 20, ఆదివారం

ఆయన పొద్దున్నే మటన్ తెచ్చాడు. సంచీ గట్టు మీద పెట్టి, పేపర్ పట్టుకున్నాడు. తమ్ముడు పోయి నిన్నటికి పదిహేను రోజులు. పదకొండో రోజు కూడా అయిపోయింది, ఇక ఇల్లు మామూలు కావాలని ఆయన ఉద్దేశం. తప్పు కాదు. వారం పొడుగునా గనిలో డంపర్ తోలే మనిషి, ఆదివారం ఒక్క కూర అడుగుతాడు.

కడిగాను. పసుపు, ఉప్పు, కారం పట్టించాను. వండాను. ఉప్పు చూడలేదు — దివ్యను చూడమన్నాను. తండ్రీ బిడ్డా తిన్నారు. నేను మామిడి తొక్కు, పెరుగు.

తింటలేవేందని ఆయన. కడుపు బాగా లేదని నేను.

కడుపు బాగానే ఉంది. వాసనకు నోట్లో నీళ్లు ఊరాయి. ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఊరాయి.

జులై 21

ఆ రోజు గురించి ఇంతవరకు రాయలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక పట్టాల పక్కన వానకు గడ్డి బాగా లేచింది. తమ్ముడు మల్లేశం జీవాలను అటు తోలాడు. గొర్రెలు పట్టాలెక్కాయి. బండి వచ్చింది. వాటిని దించబోయి వాడు కూడా... మందలో సగం పోయింది. మేం భూపాలపల్లి నుంచి వెళ్లేసరికి వాడిని దవాఖానకు తీసుకుపోయారు. పట్టాల దగ్గర జనం ఉన్నారు. కత్తులు, సంచులు. మేకలు కోసే బండ మీద పని జరుగుతున్నట్టు — మాటలు, నవ్వులు కూడా.

సాయంత్రం మట్టి చేసి వచ్చాం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటి రాజవ్వ అన్నం, కూర తెచ్చింది. ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి ఏమీ లేదు కడుపులో. రెండు ముద్దలు తిన్నాను. మూడోది పెడుతుంటే అడిగాను, ఎక్కడిదని.

"మన గొర్లయే బిడ్డా. పారేసుడెందుకని తలా ఇంత పంచుకున్నరు."

రాజవ్వ తప్పేం లేదు. ప్రేమతోనే పెట్టింది.

జులై 24

మటన్ మానేస్తున్నాను. మటన్ ఒక్కటే. అన్నీ ఒకేసారి నావల్ల కాదు. పుట్టింది గొర్లకాపరి ఇంట్లో, పాలు మరిచిన నాటి నుంచి తిన్న కూర.

జులై 25

శ్రావణం వచ్చింది. మంచి సాకు. నెల దాకా ఎవరూ అడగరు.

ఆగస్టు 3, ఆదివారం

శ్రావణం ఆయనకు పట్టదు. చికెన్ తెచ్చాడు. తిన్నాను. కోడికీ ఆ పట్టాలకూ సంబంధం లేదు అని చెప్పుకున్నాను. రెండోసారి పెట్టుకున్నాను కూడా. తినేటప్పుడు బాగుంది. ఆ తర్వాత చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

ఆగస్టు 9

అవ్వ ఫోన్ చేసింది. బాపు మాట్లాడటం లేదట. మిగిలిన జీవాలను దొడ్లోంచి బయటికి తోలడం లేదట, మేత అక్కడికే తెచ్చి వేస్తున్నాడట. తర్వాత అసలు మాట. ఆ రోజు అవతలి చేనులో ఉన్న యాకయ్య చెప్పాడట — మల్లేశం చెవి దగ్గర ఫోన్ ఉందని.

"ఎవనితోనో మాట్లాడుకుంట పోయిండు నా కొడుకు. వాడెవడో గాని, వాని ఇంట్ల పీనుగెల్ల."

ఊఁ అన్నాను. అవ్వా, ఊఁ అన్నాను.

నేనే అది. బోనాలకు ఆయన షిఫ్టు వాళ్లు నలుగురు మన ఊరికి వస్తామన్నారు. మంచి పొట్టేలు చూడు తమ్మీ అని పొద్దున చెప్పాను. వాడు జీవాల దగ్గరికి పోయి ఫోన్ చేశాడు. నల్లది ఉంది అన్నాడు. సన్నగుంటుందేమో అన్నాను. పెట్టేయబోయాడు. ఆగు, ఇంకోటి చూసి చెప్పు అన్నాను. ఆపింది నేనే. ఎముక తక్కువ ఉన్నది చూడు అన్నాను. వాడు నవ్వాడు. హారన్ వినపడింది. "ఆగక్కా" అన్నాడు.

ఫోన్ ముక్కలైంది. ఎవరికీ తెలియదు.

ఆగస్టు 10, ఆదివారం

చికెన్ కూడా. ఆయనతో మొక్కు అని చెప్పాను. ఎవరికని అడిగాడు. చెప్పకూడదన్నాను. నమ్మాడు. అబద్ధం ఎంత తేలికగా వచ్చిందో.

ఆగస్టు 19

సబ్ సెంటర్. గర్భిణులు పన్నెండు మంది. అందరికీ అదే పాఠం — రోజుకో గుడ్డు, వారానికి రెండుసార్లు కూర, ఆకుకూరలు, పల్లీలు, బెల్లం. ఏఎన్ఎంగా పదహారేళ్లుగా చెబుతున్నాను. ఈ రోజు ఒకామె, ఏడో నెల, అడిగింది: మీరేం తింటరు మేడం అని. మామూలుగానే అడిగింది. ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టాను.

ఆగస్టు 23

పుంటికూర పప్పు. నిన్న బబ్బెర్లు. మొన్న మీల్ మేకర్, మసాలా బాగా వేసి, అచ్చం కూరలాగే — దివ్య అంది, "ఇది మటన్‌ను యాది చేస్తుందమ్మా" అని. ఇక అది వండను.

ఆకలి వేరుగా ఉంది ఇప్పుడు. కడుపు నిండుతుంది, నోరు నిండదు.

ఆగస్టు 31

తప్పు చేశాను. సబ్ సెంటర్‌లో నాతో పనిచేసే సరిత మనవరాలిని తొట్టెలలో వేసే వేడుక. చికెన్ బిర్యానీ. నాకు వేరేగా పప్పు, అన్నం తీసిపెట్టింది పాపం. అందరూ చేతులు కడుగుతున్నప్పుడు వంటల దగ్గరికి వెళ్లి నిలబడి తిన్నాను, గిన్నెలోంచి. రెండు ముక్కలు. ఎముక చీకాను. చెంగుతో మూతి తుడుచుకుని బయటికి వచ్చి ఫొటోలో నిలబడ్డాను.

సెప్టెంబర్ 1

మళ్లీ మొదటి నుంచి.

సెప్టెంబర్ 7

చేపలు, ఎండు రొయ్యలు — ఆపేశాను. వంకాయలో రొయ్యల పొడి వేయకపోతే ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. ఆయనకు వేరే గిన్నె పెట్టడం మొదలుపెట్టాను. రెండు గిన్నెలు, రెండు గరిటెలు. కులం మారినట్టు చేస్తున్నవు అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయి.

గుడ్డు ఒకటి మిగిలింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

మానుకోట వెళ్లాను, మల్లేశం భార్య సుజాతను చూడటానికి. పదకొండో రోజు కాగానే పాపను తీసుకుని తల్లిగారింటికి వచ్చేసింది. హన్మకొండ దాకా బస్సు, మళ్లీ బస్సు. రైలైతే తొందరగా పోవచ్చు. ఎక్కలేను.

నేను వస్తున్నానని వాళ్లమ్మ నాటుకోడి కోసింది. వద్దు, మానేశాను అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. సుజాత వడ్డించుకుంది. నా ఎదురుగా కూర్చుని తిన్నది. పాప ఒళ్లో పాలు తాగుతోంది, ఇది తింటోంది, ఆపకుండా, తల ఎత్తకుండా. గిన్నె సగం ఖాళీ అయ్యాక ఆగింది.

"నాకు ఆకలైతది వదినా. సిగ్గయితది గాని, ఆకలైతది."

తిను అన్నాను. గిన్నె దాని వైపు జరిపాను. పాపకు పదమూడు నెలలు. నడుస్తోంది, గోడ పట్టుకుని.

సెప్టెంబర్ 21, పెత్రమాస

ఊళ్లో. పెద్దలకు పెట్టే అమావాస్య, వాడికి మొదటిసారి పెట్టడం. అవ్వ బాపు చేత దొడ్లోంచి ఒక పొట్టేలును కోయించింది. మిగిలినవాటిలో పెద్దది. బాపు పట్టుకున్నాడు, కోసింది మాత్రం వేరేవాళ్లు. కోసేటప్పుడు ఆయన గోడవైపు తిరిగాడు. ఇన్నేళ్లలో బాపు అలా తిరగడం చూడలేదు.

అవ్వ నన్నే వండమంది. వాడికి నా చేతి కూర ఇష్టం కదా. వండాను. చేతులకు వచ్చిన పని, అవే చేశాయి. విస్తరి వేసి అన్నం, కూర, బొక్కల పులుసు, కల్లు పెట్టాం. పిట్ట వచ్చింది, ముట్టింది. అవ్వ ఏడ్చింది. అప్పటిదాకా బాగానే ఉంది.

తర్వాత ఆ విస్తరిలోదే ముద్ద చేసి నాకు ఇచ్చింది. తీసుకోలేదు.

"తమ్మునికి పెట్టింది. తినవా?"

తినను అవ్వా అన్నాను.

చాలాసేపు ఆ ముద్ద చేతిలోనే పట్టుకుంది. "సర్కారు కొలువు, క్వార్టర్ల ఇల్లు. మా ముద్ద నీకు కంపు గొడుతున్నది" అంది. కాదు అన్నాను. మరేందని అడిగింది. అందరూ చూస్తున్నారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను. మొక్కు అవ్వా అన్నాను.

ముద్దను కుక్కకు వేసింది. బస్సెక్కేదాకా మాట్లాడలేదు.

సెప్టెంబర్ 22

ఎంగిలిపూల బతుకమ్మ నిన్న. మా వాడలో అందరూ ఆడారు. ఈ యేడు మేం పేర్చలేదు.

అక్టోబర్ 2, దసరా

ఈసారి గాంధీ జయంతి కూడా ఈ రోజే. దుకాణాలు మూశారు. నిన్ననే అందరూ తెచ్చి ఫ్రిజ్‌లలో పెట్టుకున్నారు. క్వార్టర్ల వరస అంతా ఒకటే వాసన, ఒక్క గోడ ఆపదు దాన్ని. తలుపులేసి ఊదుబత్తి వెలిగించాను. ఆయన వాళ్ల స్నేహితుడి ఇంట్లో తిని వచ్చాడు. జమ్మి చేతిలో పెట్టి, "ఇంట్ల పండుగ లేకుంట జేసినవు" అన్నాడు.

అవ్వకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

అక్టోబర్ 13

సబ్ సెంటర్‌లో కళ్లు తిరిగాయి. టీకాల డబ్బా పట్టుకునే కూర్చుండిపోయాను. సరిత నా వేలు గుచ్చి రక్తం చూసింది — హిమోగ్లోబిన్ ఎనిమిది. గర్భిణులకు ఎనిమిది వస్తే నేను అరుస్తాను. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది. మానుకోవడం తప్పు కాదు, సగం సగం తిండితో మానుకోవడం తప్పు అంది. పప్పు ఎంత తింటున్నావు, పాలు తాగుతున్నావా, మాత్రతో టీ తాగుతున్నావా, అన్నీ అడిగింది. నిజం చెప్పాను: చాలా రోజులు మజ్జిగ అన్నమే. మందు తెలిసిన దాన్ని. తెలిసే చేస్తున్నాను.

నీసు మానుతున్నానా, తిండే మానుతున్నానా?

అక్టోబర్ 15

మొలకెత్తిన పెసర్లు. జొన్న రొట్టె. తోటకూర. నిమ్మకాయ పిండుకుని. ఉడికించిన గుడ్డు ఒకటి — కార్తీకం నుంచి అదీ వదిలేద్దామనుకున్నాను. ఇక వదలను. ఆయన పల్లీ చిక్కీలు తెచ్చి డబ్బాలో పోశాడు.

అక్టోబర్ 26, ఆదివారం

మానుకోట. సుజాతకు చెప్పాను.

వాళ్లమ్మ బజారుకు పోయింది. పాప నిద్రపోతోంది. ఎట్లా మొదలుపెట్టాలో అని దారంతా అనుకున్నవి ఒక్కటీ రాలేదు. ఆ ఫోన్‌లో ఉన్నది నేను సుజాతా అన్నాను.

ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆపలేదు.

"నాకెరుకే."

ఆ పొద్దున ఇంట్లోంచి పోతూ చెప్పాడట, అక్క పొట్టేలు అడిగింది, జీవాల కాడికి పోయి ఫోన్ చేస్త అని. యాకయ్య మాట వినగానే దీనికి అర్థమైంది. ఇన్ని రోజులు కడుపులో పెట్టుకుంది. అవ్వకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమైతుండె? కొడుకు పాయె. బిడ్డ గూడ లేకుంట పోతుండె అత్తకు."

కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది.

"గిట్ల చెయ్యకు. నిన్ను జూస్తె కోపం రాదనుకోకు. వస్తది. నువ్వు తింటె వస్తది, తినకున్న వస్తది. నీ తిండితోని నాకేం పని వదినా."

పాప లేచింది. ఎత్తుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. వాళ్లమ్మ వచ్చాక టీ తాగి బయలుదేరాను. బస్సు దాకా ఎవరూ రాలేదు.

అక్టోబర్ 27

నన్ను క్షమించమని అడగడానికి పోయానా, శిక్షించమని అడగడానికా. రెండూ ఇవ్వలేదు.

నవంబర్ 2

కూర వాసనకు ఇప్పుడు నోరు ఊరడం లేదు. ఎప్పుడు ఆగిందో గమనించలేదు. సంతోషం అనిపించలేదు. నొప్పి కొంచెం తగ్గినా భయమే — వాడు కూడా ఇట్లానే, తెలియకుండా, తగ్గిపోతాడేమో.

నవంబర్ 6

అవ్వ ఫోన్. పెత్రమాస తర్వాత మొదటిసారి. బాపు మిగిలిన జీవాలను అమ్మేశాడట, పాలకుర్తి అటువైపు కాపరికి. కోతకు కాదు, పెంచుకునేవాడికే చూసి ఇచ్చాడట. దొడ్డి ఖాళీగా ఉంటే ఇంట్లో ఉండలేకపోతున్నానంది. ఆదివారం నా దగ్గరికి వస్తుందట. నాటుకోడిని తెస్తుందట. పెత్రమాసనాడు ఎక్కువ మాట అన్నానంది. అవ్వ ఆ మాట అనడం నా బతుకులో వినలేదు.

కోడి ఎందుకు అవ్వా అన్నాను. బక్కగైనవట, సుజాత చెప్పింది, నా చేతితోని వండి పెడత అంది.

సుజాత చెప్పింది. ఏమేం చెప్పింది?

నవంబర్ 9, ఆదివారం

తింటే ఈ నాలుగు నెలలు ఏమైనట్టు? తినకపోతే అవ్వ మళ్లీ అడుగుతుంది, మరేందని. ఈసారి మొక్కు అనలేను.

ఆయన డ్యూటీకి వెళ్లాడు. దివ్యను స్నేహితురాలి ఇంటికి పంపాను. అల్లం, వెల్లుల్లి నూరి పెట్టాను. పెసర్లు కూడా నానబెట్టాను.

పరకాల దాటిందట బస్సు. ఫోన్ చేసి చెప్పింది. వచ్చేసరికి నీళ్లు కాగబెట్టు, ఈకలు పీకాలె అంది.

పొయ్యి మీద పెట్టాను. కాగుతున్నాయి.