రంగం మీద నాలుగో మనిషి

అక్కకి,

"ప్రియమైన" అని మొదలుపెట్టి కొట్టేశాను. ఫోన్ చేస్తే రెండు మాటల్లో నన్ను ఊరడించేస్తావు, అందుకే ఈ ఉత్తరం డిపార్ట్‌మెంటులో నీ గది తలుపు కిందనుంచి తోస్తున్నాను.

నిన్న మీటింగులో పరీక్షకుల పెద్దాయన నా థీసిస్‌ని చీల్చి చెండాడుతుంటే నువ్వేం చేశావు? గోడ వారన కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నావు. నాకు గ్రీకు అక్షరాలు దిద్దించినదానివి నువ్వే. నా వాదన నీకు కంఠతా వచ్చు. నేను తీసుకున్న నాటకంలో కొడుకుని దేశంలోంచి వెళ్ళగొడుతుంటే తల్లి పక్కనే నిలబడి ఒక్క మాటా అనదు. ఆ మౌనంలో శోకం ఉంది, శాపం ఉంది అని పండితులు పేజీలు నింపారు. నేనేమన్నాను? ఆనాటి గ్రీకు విషాద నాటకంలో మాట్లాడే నటులు ముగ్గురే, ఆ ఘట్టంలో ముగ్గురూ అయిపోయారు, నాలుగో మనిషికి నోరు లేదు, లేనిపోని అర్థాలు తియ్యొద్దు అన్నాను. దానికి పెద్దాయన, "ఏమ్మా, ఇది వ్యాఖ్యానమా, నటుల హాజరు పట్టీనా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు నవ్వలేదు, నిజమే. నోరూ విప్పలేదు.

నీ ఉద్యోగం మీదకి వస్తుందని భయపడ్డావు కదూ? సోమవారం థీసిస్ వెనక్కి తీసేసుకుంటున్నాను. నాన్నకి నువ్వే చెప్పుకో.

నీకేమీ కాని,
పొట్టిది

*

ఒసే పొట్టీ,

అరవడం అయిందిగా, ఇప్పుడు విను. మీటింగుకి ముందే పెద్దాయన నన్ను పిలిచి, "అభ్యర్థి అక్కగారు ఒక్క మాట మాట్లాడినా ఈ పరీక్ష చెల్లదండీ, నియమం అది. బయట కూర్చుంటారా?" అన్నారు. మాట్లాడను, కానీ బయటికీ వెళ్ళను అన్నాను. ముందే చెబితే నువ్వు ఆ నియమం మీదే పోట్లాటకి దిగుతావు, నీ సంగతి నాకు తెలియదా? వాళ్ళు నవ్వినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. పెన్ను మూత నా చేతిలో విరిగింది, అది చూడలేదా నువ్వు?

ఇక నీ అధ్యాయం. నటులు ముగ్గురే, ఒప్పుకుంటాను. మరి మాట్లాడించే వీలు లేనప్పుడు ఆవిణ్ణి లోపలికి పంపేస్తే సరిపోయేదిగా? ఆ నాటకకర్త చివరిదాకా అక్కడే ఎందుకు నిలబెట్టాడు? ఆ వెటకారం తర్వాత పెద్దాయన అడిగింది ఇదే. కోపంలో నీ చెవికెక్కలేదు. దానికి జవాబు రాయి. రాశాక వెనక్కి తీసుకుంటావో తగలబెడతావో నీ ఇష్టం.

అక్క

*

ప్రియమైన అక్కా,

ఈసారి కొట్టెయ్యలేదు, చూశావా?

థీసిస్ వెనక్కి తీసుకోవడం లేదు. అధ్యాయం చివరి పేజీలు పీకేసి మళ్ళీ రాశాను. నాలుగో మనిషికి నోరు లేదన్న మాట అలాగే ఉంచాను, అది చచ్చినా వదలను. దాని కింద ఇంకొకటి చేర్చాను: దేశం వదిలిపోయే కొడుకు వెనక్కి తిరిగి చూస్తే తనవాళ్ళు ఒక్కరైనా కనబడాలి, అందుకే ఆవిడ అక్కడ ఉంది. పెద్దాయన దీన్నీ చీలుస్తాడేమో, చీల్చనీ.

బుధవారం మళ్ళీ మీటింగు. పెన్ను మాత్రం కొత్తది తెచ్చుకో. నువ్వేమీ మాట్లాడొద్దు. గోడ వారన అదే కుర్చీలో కూర్చో, చాలు.

నీ పొట్టిది